పిల్లల కోర్టులో ముద్దాయిగా నిలబడ్డ డాక్టర్

వార్సా నగరంలో ఐదేళ్ల పిల్లవాడు పెంచుకుంటున్న కెనరీ పిట్ట చచ్చిపోయింది. దాన్ని దూదిలో చుట్టి, చాక్లెట్ల డబ్బాలో పెట్టి, పెరట్లో చెట్టు కింద పాతిపెట్టాడు. పైన ఒక చిన్న కర్ర శిలువ కూడా పెట్టాలనుకున్నాడు. పనిమనిషి వద్దంది. పిట్టకు శిలువేంటని ఆమె అభ్యంతరం. ఆ భవనం కాపలాదారు కొడుకు చెప్పిన కారణం వేరు. ఈ పిట్ట యూదు పిట్ట, దానికి శిలువ ఉండదు అన్నాడు. నువ్వు కూడా యూదువే అన్నాడు. తాను పోలిష్ క్యాథలిక్ కాబట్టి స్వర్గానికి పోతాడట, ఈ పిల్లవాడు మాత్రం చచ్చాక ఏదో చీకటి చోటుకు పోతాడట. పిల్లవాడికి అసలే చీకటి గదంటే భయం.

తన పుట్టుక ఏమిటో ఆ పిల్లవాడికి తెలిసింది అలాగే, చచ్చిపోయిన పిట్ట పక్కన, తోటి పిల్లవాడి నోటి నుంచి. మన పాఠకుల్లో చాలామందికి ఇలాంటి రోజు ఒకటి గుర్తుండే ఉంటుంది. బడిలో నీళ్ల కుండ దగ్గరో, స్నేహితుడి ఇంటి గడప దగ్గరో, పెళ్లి భోజనాల వరసలోనో.

ఆ పిల్లవాడి పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. ప్రపంచానికి తెలిసిన పేరు యానుష్ కోర్చాక్. డాక్టర్, రచయిత, ముప్ఫై ఏళ్ల పాటు అనాథాశ్రమం నడిపిన మనిషి. నాజీలు తన దగ్గరున్న పిల్లలను ట్రెబ్లింకా మృత్యు శిబిరానికి తీసుకుపోతుంటే వాళ్లతో పాటే నడిచి వెళ్లాడని ఎక్కువమంది విని ఉంటారు. అది నిజమే. కానీ మేము ఆయన గురించి చదివిన కొద్దీ ఒక అసంతృప్తి మొదలైంది. ఆయన చనిపోయిన తీరు గురించి వంద కథలున్నాయి, బతికిన తీరు గురించి మన భాషలో దొరికేది చాలా తక్కువ. ఆ చివరి నడక ఒక్క రోజుది. దాని వెనక ముప్ఫై ఏళ్ల పని ఉంది.

ఇప్పుడెందుకు ఈ ముచ్చట? 2018లో అమెరికా సరిహద్దుల్లో వేలాది వలస పిల్లలను తల్లిదండ్రుల చేతుల్లోంచి లాక్కుని వేరే శిబిరాల్లో పెట్టారు. ఏ పిల్ల ఎవరి బిడ్డో రాసిపెట్టుకోకుండానే విడదీసిన సందర్భాలు బయటపడ్డాయి. అప్పుడు ప్రపంచమంతా ఎత్తిచూపిన పత్రం ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక. ఆ పత్రం పుట్టుకకు కోర్చాక్‌తో నేరుగా సంబంధం ఉంది. దాని సంగతికి మళ్లీ వస్తాం.

ఆయన పుట్టింది 1878 జూలై 22న. 1879 అని కూడా అంటారు. తండ్రి జనన నమోదును వాయిదా వేయడంతో ఆయనకే తన వయసు కచ్చితంగా తెలియకుండా పోయింది. తండ్రి యోజెఫ్ లాయరు. ఇంట్లో పోలిష్ మాట్లాడే, చదువుకున్న, డబ్బున్న యూదు కుటుంబం. పెరట్లో ఆడుకునే పేద పిల్లలతో కలవనిచ్చేవారు కాదు. ఇదీ గమనించాలి. ఆయన పేదరికంలో పుట్టినవాడు కాదు. తండ్రికి మతిస్థిమితం తప్పి 1896లో చనిపోయాక ఇల్లు కుంగింది. కుర్రవాడు ట్యూషన్లు చెప్పి తల్లికి ఆసరా అయ్యాడు. 1898లో ఒక నాటక పోటీకి రాసి పంపుతూ, ఒక పాత నవల నుంచి యానుష్ కోర్చాక్ అనే పేరు తీసుకున్నాడు. యూదు పేరుతో రాయడం కంటే పోలిష్ పేరుతో రాయడం తేలిక. పేరు మార్చుకుంటే తప్ప తలుపు తెరుచుకోని సమాజాలు మనకు కొత్త కాదు.

వైద్యం చదివాడు. 1905లో పట్టా రాగానే రష్యన్ సైన్యం ఆయనను జపాన్‌తో యుద్ధానికి డాక్టరుగా పట్టుకుపోయింది. అప్పటికి వార్సా రష్యన్ సామ్రాజ్యంలో ఉంది. తిరిగొచ్చి యూదు పిల్లల ఆసుపత్రిలో పనిచేశాడు. డబ్బున్న ఇళ్లకు వెళితే గట్టిగా ఫీజు తీసుకునేవాడు, పేదల దగ్గర నామమాత్రం. రచయితగా అప్పటికే పేరుంది. కానీ జ్వరం తగ్గించి పంపిన పిల్ల మళ్లీ అదే తేమ గదికి, అదే ఆకలికి వెళుతుంది. ఆసుపత్రి ఆ గదిని బాగుచేయలేదు. 1912లో ఉద్యోగం వదిలేసి, క్రోఖ్‌మాల్నా వీధిలో 92వ నంబరు భవనంలో మొదలైన యూదు అనాథాశ్రమానికి బాధ్యుడయ్యాడు. ఆశ్రమం పేరు దోమ్ షెరోత్, అంటే అనాథల ఇల్లు. దాదాపు వందమంది పిల్లలు.

ఇక్కడ స్తెఫానియా విల్చిన్‌స్కా పేరు చెప్పకుండా ముందుకు పోకూడదు. బెల్జియంలో ప్రకృతి శాస్త్రాలు చదివి వచ్చిన యూదు యువతి. పిల్లల స్నానం నుంచి సరుకుల లెక్కల దాకా, రోగుల పక్కన రాత్రి మేలుకోవడం నుంచి కొత్త ఉపాధ్యాయులకు తర్ఫీదు దాకా ఆ ఇంటిని నిలబెట్టింది ఆమె. మొదటి ప్రపంచ యుద్ధంలో కోర్చాక్ నాలుగేళ్లు సైన్యంలో ఉంటే ఆశ్రమాన్ని ఒంటిచేత్తో నడిపింది. పుస్తకాలు ఆయన రాశాడు కాబట్టి పేరు ఆయనకొచ్చింది. పోరాటాల చరిత్రలో మన అమ్మలకూ అక్కలకూ జరిగిందే ఆమెకూ జరిగింది.

అనాథల ఇల్లు అన్నామే గానీ, అక్కడి పిల్లల్లో చాలామందికి తల్లో, అన్నో, మేనత్తో ఎవరో ఒకరు ఉండేవారు. తండ్రి పోయి, తల్లి పోషించలేక తెచ్చి వదిలిన పిల్లలు. అందుకే శనివారం వస్తే పిల్లలు తమ వాళ్ల దగ్గరికి వెళ్లి రావడం ఆ ఇంట్లో పద్ధతిగా ఉండేది. పిల్లకు తిండి పెడుతున్నాం కదా అని తల్లిని మరిపించాలని చూడలేదు. ఆ కాలపు అనాథాశ్రమాలు చాలావరకు దీనికి విరుద్ధంగా నడిచేవి. పేద తల్లి చెడ్డ అలవాట్లు నేర్పుతుందని, ఆమె నీడ పడకపోతేనే పిల్ల బాగుపడుతుందని దాతలు నమ్మేవారు. ఆస్ట్రేలియా, కెనడా ప్రభుత్వాలు ఆదివాసీ పిల్లలను ఇదే వాదనతో తల్లిదండ్రుల నుంచి ఎత్తుకెళ్లి బోర్డింగుల్లో పెట్టాయి.

సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో చదువుకున్న మనలో చాలామందికి ఈ శనివారం విలువ చెప్పనక్కర్లేదు. ట్రంకు పెట్టె, తాళం, ఆదివారం గేటు దగ్గర అమ్మ కోసం ఎదురుచూపు. హాస్టల్ లేకపోతే చదువు లేదు, హాస్టల్లో ఉంటే అమ్మ లేదు. ఈ రెండింటి మధ్య పిల్ల మనసులో ఏం జరుగుతుందో పట్టించుకున్న వార్డెను ఎంతమందికి దొరికాడు?

కోర్చాక్ పట్టించుకున్నాడు. అంతకంటే ముఖ్యం, పట్టించుకోవడాన్ని తన మంచితనం మీద ఆధారపడనివ్వలేదు. దానికి ఒక ఏర్పాటు చేశాడు. అదే పిల్లల కోర్టు.

ఆ వారం ఎవరి మీదా ఫిర్యాదు లేని పిల్లల్లోంచి చీటీలు తీసి ఐదుగురు జడ్జీలను ఎంచేవారు. పెద్దవాళ్లలో ఒకరు గుమాస్తాగా ఫిర్యాదులు రాసుకుంటారు, కానీ వారికి ఓటు లేదు. ఎవరు ఎవరి మీదైనా కేసు పెట్టొచ్చు. పిల్ల పిల్ల మీద, పిల్ల టీచరు మీద, టీచరు పిల్ల మీద. తీర్పులకు ఆయన ఒక నియమావళి రాశాడు. మొదటి 99 నిబంధనలూ ఏదో ఒక కారణంతో క్షమించేవే. చిన్నవాడు కాబట్టి, తెలియక చేశాడు కాబట్టి, ఇప్పటికే బాధపడుతున్నాడు కాబట్టి, ఇంకోసారి చూద్దాం కాబట్టి. వందో నిబంధన నుంచి తప్పు తప్పేనని చెప్పడం మొదలవుతుంది. అక్కడి నుంచి వందలవారీగా గట్టిపడుతూ పోయి, వెయ్యో నిబంధన దగ్గర ఇంటి నుంచి పంపేయడం. అది చాలా అరుదు. అలా పంపినా మూడు నెలల తర్వాత తిరిగి చేర్చుకోమని అడిగే వీలుంది.

ఈ కోర్టులో కోర్చాక్ స్వయంగా ముద్దాయిగా నిలబడ్డాడు. ఆరు నెలల్లో ఐదుసార్లు. ఒక పిల్లవాడి చెవి మెలిపెట్టినందుకు, ఒక అమ్మాయిని దొంగతనం చేసిందని అనుమానించినందుకు, ఇలాంటివే. ఆశ్రమానికి పెద్ద, దేశంలో పేరున్న రచయిత. అయినా పన్నెండేళ్ల జడ్జి ముందు జవాబు చెప్పుకోవాల్సిందే. ఈ కేసులు తనను మార్చాయని, పిల్లల పట్ల రాజ్యాంగబద్ధంగా ఉండే టీచరుగా తనను తీర్చిదిద్దాయని ఆయన తర్వాత రాసుకున్నాడు. రాజ్యాంగం అనే మాట ఆయన వాడిందే, మేము అతికించింది కాదు.

మంచి వార్డెను, మంచి దొర, మంచి కలెక్టరు. ఇలాంటి వాళ్ల కథలు మన దగ్గర చాలా ఉన్నాయి. వాళ్లు బదిలీ అయిపోయిన మరునాడు ఏమవుతుందో కూడా మనకు తెలుసు. కోర్చాక్ కనిపెట్టింది మంచి మనిషి లేని రోజున కూడా పిల్లకు న్యాయం అడిగే చోటు. నియమాలు గోడ మీద రాసి ఉంటాయి. పోగొట్టుకున్న చిన్న చిన్న వస్తువులకు, అంటే ఒక గుండీకి, గోలీకి, రంగు కాగితానికి, ప్రత్యేకంగా ఒక అల్మారా ఉంటుంది. పెద్దల కంటికి చెత్త, పిల్లకు అది ఆస్తి.

ఆయన్ను దేవుణ్ణి చేయనక్కర్లేదు. ఆశ్రమం దాతల డబ్బుతో నడిచింది. ఆ దాతలకు ఆయన లొంగి ఉండాల్సి వచ్చేది. పద్నాలుగేళ్లు నిండాక పిల్లలు బయటికి వెళ్లిపోవాలి. న్యాయమైన చిన్న రాజ్యంలో పెరిగి, అన్యాయమే నియమంగా ఉన్న పెద్ద రాజ్యంలో పడ్డ పిల్లలు కొందరు ఆయన్ను నిలదీశారు. అక్కడ తర్ఫీదు పొందిన వామపక్ష యువకులు కూడా, ఈ ఇంటి గోడల బయట ఏం మారుస్తున్నావని అడిగారు. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర సరైన జవాబు లేదని మా అభిప్రాయం.

యుద్ధం పిల్లలను ఎలా చెదరగొడుతుందో ఆయన ముందే చూశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు రంగంలో డాక్టరుగా ఉన్నప్పుడు, తార్నోపోల్‌లో నిలువ నీడ లేని పిల్లల ఆశ్రయం నుంచి స్తెఫాన్ అనే పదకొండేళ్ల పిల్లవాణ్ణి తీసుకొచ్చి, తన గదిలోనే రెండు వారాలు ఉంచుకుని, చదవడం నేర్పాడు. వందమందిని చూసే మనిషి ఒక్క పిల్లవాడితో గడిపిన ఆ రెండు వారాలను రోజువారీగా రాసిపెట్టాడు. సెలవు దొరికినప్పుడు కీవ్ నగరంలో, యుద్ధం వల్ల ఇల్లు తప్పిన పోలిష్ మగపిల్లల వసతి గృహానికి వెళ్లాడు. దాన్ని నడిపేది మరియా ఫాల్‌స్కా. భర్తనూ కూతురినీ పోగొట్టుకున్న మనిషి. యుద్ధం ముగిశాక 1919లో వార్సా దగ్గర పోలిష్ కార్మికుల పిల్లల కోసం ఆమె నాష్ దోమ్, అంటే మన ఇల్లు, మొదలుపెట్టింది. కోర్చాక్ ఆమెకు తోడయ్యాడు. ఒక చేత్తో యూదు పిల్లల ఇల్లు, ఇంకో చేత్తో క్యాథలిక్ పిల్లల ఇల్లు. ఆ దేశంలో ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు.

1923లో ఆయన రాసిన రాజు మాచ్యుష్ కథ అచ్చయింది. పసివాడు రాజై పిల్లలకు పార్లమెంటు ఇస్తాడు, చివరికి ఓడిపోతాడు. పోలండ్‌లో పిల్లలందరూ చదివిన పుస్తకమది. 1926 నుంచి ఒక యూదు దినపత్రికకు అనుబంధంగా ప్రతి శుక్రవారం పిల్లల పత్రిక నడిపాడు. రాసేది పిల్లలే. యుద్ధం మొదలైన రోజు, 1939 సెప్టెంబరు 1 దాకా అది వస్తూనే ఉంది.

1924లో నానాజాతి సమితి జెనీవాలో బాలల హక్కుల ప్రకటన ఆమోదించింది. ఎగ్లంటైన్ జెబ్ అనే బ్రిటిష్ మహిళ రాసిన ముసాయిదా అది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత శత్రుదేశాల పిల్లలకు కూడా తిండి పంపాలని లండన్ వీధుల్లో కరపత్రాలు పంచి అరెస్టయిన మనిషి ఆమె. ఆ ప్రకటనను కోర్చాక్ మెచ్చుకోలేదు. 1929లో పిల్లల గౌరవ హక్కు గురించి రాస్తూ, జెనీవా పెద్దలు హక్కులకూ బాధ్యతలకూ తేడా తెలియకుండా రాశారని, అది డిమాండులా కాక పెద్దల దయను వేడుకుంటున్నట్టుందని తప్పుబట్టాడు. ఆకలితో ఉన్న పిల్లకు తిండి పెట్టాలి అనడం వేరు, తిండి ఆ పిల్ల హక్కు అనడం వేరు. సంస్కర్తల హరిజన సేవకూ, బాబాసాహెబ్ అడిగిన హక్కులకూ మధ్య గొడవ సరిగ్గా ఇదే. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు విన్నారో లేదో మనకు అనవసరం.

1930ల్లో పోలండ్ గాలి మారింది. ముసలి డాక్టరు అన్న పేరుతో రేడియోలో ఆయన చెప్పే మాటలకు దేశమంతా చెవులప్పగించేది. అసలు పేరు చెప్పనిచ్చేవారు కాదు. అది యూదు గొంతు అన్న గొడవతో 1936లో ఆ కార్యక్రమం ఆగింది. అదే ఏడాది నాష్ దోమ్‌తో బంధమూ తెగింది. యూనివర్సిటీల్లో యూదు విద్యార్థులకు వేరే బెంచీలు కేటాయించారు. 1937లో ప్రభుత్వమే అందుకు అనుమతిచ్చింది. చాలామంది విద్యార్థులు ఆ బెంచీల మీద కూర్చోకుండా క్లాసంతా నిలబడి పాఠం విన్నారు. గోనెపట్టా ఇంటి నుంచి తెచ్చుకుని క్లాసులో విడిగా కూర్చున్న భీమ్‌రావును తలుచుకోకుండా ఈ సంగతి చదవలేం.

1938 అక్టోబరులో జర్మనీ తన దేశంలో ఉన్న పోలిష్ యూదులను దాదాపు 17 వేలమందిని రాత్రికి రాత్రి సరిహద్దు దాటించింది. పోలండ్ లోపలికి రానివ్వలేదు. జ్బోంషిన్ అనే సరిహద్దు ఊళ్లో వేలమంది గుర్రపు శాలల్లో చలికాలం గడిపారు. ఆ తర్వాతి నెలల్లో బ్రిటన్ సుమారు పదివేలమంది పిల్లలకు ప్రవేశం ఇచ్చింది. పిల్లలకు మాత్రమే, తల్లిదండ్రులకు కాదు. రైలు కిటికీ దగ్గర విడిపోయిన ఆ పిల్లల్లో ఎక్కువమంది తల్లిదండ్రులను మళ్లీ చూడలేదు. దీన్ని మానవత్వంగా చెప్పుకునే పుస్తకాలు చాలా ఉన్నాయి. మానవత్వమే. కానీ తల్లిని గేటు బయట ఆపి బిడ్డను మాత్రం లోపలికి రానిచ్చిన మానవత్వం.

నాజీలు వార్సాను పట్టుకున్నాక యూదులంతా చేతికి నక్షత్రం గుర్తున్న పట్టీ కట్టుకోవాలన్నారు. కోర్చాక్ కట్టుకోలేదు. పాత పోలిష్ సైనిక దుస్తుల్లోనే తిరిగాడు. 1940 నవంబరులో యూదులందరినీ ఒక గోడ లోపలికి తోసి మూసేశారు. ఊరిలో మూడోవంతు జనం, రెండున్నర శాతం కూడా లేని స్థలం. నాలుగు లక్షలకు పైగా మనుషులు. ఊరికి ఒక చివర వాడ కట్టి వదిలేయడం మన దేశపు పద్ధతి. అక్కడ ఊరి నడిబొడ్డునే గోడ కట్టారు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల, అతని మిత్రులు తాము వేసుకున్న గుడారానికి వెలివాడ అని పేరు పెట్టినప్పుడు ఆ మాటలో ఏముందో మనకు తెలుసు. ఘెట్టో అనే మాటలోనూ అదే ఉంది. కానీ రెండూ ఒకటే అని మేము అనడం లేదు. వెలివాడ తరాల తరబడి మనిషిని పనికి వాడుకోవడానికి కట్టింది. ఈ ఘెట్టో రెండేళ్లు తిరగకుండానే అందరినీ చంపడానికి పోగేసిన చోటుగా మారింది.

ఆశ్రమం గోడ లోపలికి మారే రోజున పిల్లల కోసం తెచ్చిన బంగాళాదుంపల బండిని జర్మన్లు లాక్కున్నారు. ఆ బండి కోసం కోర్చాక్ నేరుగా జర్మన్ అధికారుల దగ్గరికి వెళ్లి అడిగాడు. చేతికి పట్టీ ఏదని కొట్టి, పావియాక్ జైల్లో పెట్టారు. నెల రోజుల తర్వాత పాత శిష్యులు డబ్బు కట్టి విడిపించారు. ఆరోగ్యం అక్కడే దెబ్బతింది. ఆ తర్వాత ఆయన రోజంతా చేసిన పని అడుక్కోవడమే. సంచి పట్టుకుని ఇల్లిల్లూ, ఆఫీసు ఆఫీసూ తిరిగి రెండు వందలమంది పిల్లలకు పప్పో పిండో తేవడం. రేషను మీద ఒక మనిషికి రోజుకు దొరికేది రెండు వందల కేలరీలు కూడా కాదు. గోడ కన్నాల్లోంచి పాకి అవతలి నుంచి తిండి తెచ్చేది చిన్నపిల్లలే.

ఘెట్టోలో అందరికంటే ముందు చచ్చిపోయింది కాందిశీకులు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, పడమటి పోలండ్ నుంచి తరిమి తెచ్చిన లక్షకు పైగా జనం. వాళ్లకు అక్కడ ఇల్లు లేదు, బంధువు లేడు, అమ్ముకోవడానికి సామాను లేదు. పాత సినిమా హాళ్లలో, బడుల్లో, ప్రార్థనా మందిరాల్లో నేల మీద పడుకున్నారు. తల్లిదండ్రులు ముందు పోయేవారు, పిల్లలు వీధిలో మిగిలేవారు. అలా మిగిలిన పిల్లలను, గుమ్మం దగ్గర వదిలేసిన పసికందులను చేర్చేది జెల్నా వీధి 39లోని ప్రధాన ఆశ్రయంలో. దాదాపు వెయ్యిమంది. రోజూ పిల్లలు చనిపోయేవారు. వచ్చిన కాస్త తిండిని కొందరు సిబ్బందే దొంగిలించేవారు.

1942 ఫిబ్రవరిలో కోర్చాక్ అక్కడ ఉద్యోగం ఇమ్మని అర్జీ పెట్టుకున్నాడు. తన ఆశ్రమంలో రెండు వందలమంది ఉన్నారు, వయసు అరవై దాటింది, కాళ్లు వాచి ఉన్నాయి. ఆ అర్జీలో తనను తానే వెక్కిరించుకుంటూ, తిండిపోతునని, కోపిష్టినని, తన లోపాలన్నీ రాశాడు. దొంగలుండే చోటికి పెద్దమనుషుల సిఫార్సు పనికిరాదనుకున్నాడేమో. ఉద్యోగం వచ్చింది. వెళ్లి సిబ్బందితో రోజూ పోట్లాడాడు. గెలిచాడని చెప్పలేం. కొంత శుభ్రం, కొంత క్రమం తెచ్చాడు, కొంతమంది పిల్లలు ఇంకొన్ని వారాలు బతికారు. ఈ ఘట్టం సినిమాల్లో రాదు. మాకు మాత్రం ఆ చివరి నడక కంటే ఇదే పెద్దదిగా కనిపిస్తుంది. తన పిల్లలు కాని పిల్లల కోసం, ఓడిపోతానని తెలిసీ, దొంగల మధ్యకు వెళ్లడం.

తన ఆశ్రమంలో కోర్టు మాత్రం ఆగలేదు. గోడ బయట ఏ న్యాయమూ లేదు. లోపల ఒక గుండీ పోయినా ఫిర్యాదు రాసుకునేవారు.

1942 జూలై 18న పిల్లలు ఒక నాటకం వేశారు. రవీంద్రనాథ్ టాగోర్ బెంగాలీలో రాసిన పోస్టాఫీసు. ఎవరో దత్తత తీసుకున్న అనాథ పిల్లవాడు అమల్. జబ్బు చేసింది, బయటికి పోకూడదని వైద్యుడు కట్టడి చేశాడు. కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుతూ రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాడు. చివరికి నిద్రపోతాడు. ఘెట్టో గోడల మధ్య, కిటికీ దాటి పోవడానికి వీల్లేని పిల్లలు దాన్ని ఆడారు. ఆ నాటకమే ఎందుకని అడిగితే, చావును నిమ్మళంగా ఎదుర్కోవడం పిల్లలు నేర్చుకోవాలని చెప్పాడని విన్నవాళ్లు గుర్తుచేసుకున్నారు. అదొక్కటే కారణం అయ్యుంటుందని మాకు అనిపించదు. పిల్లలు వారాల తరబడి మాటలు బట్టీపట్టారు, దుస్తులు కుట్టుకున్నారు, చూడటానికి జనం వచ్చారు. ఆకలి ఊళ్లో కొన్నాళ్లు వాళ్లకు ఆకలి కాకుండా ఇంకో పని దొరికింది. టాగోర్ చనిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. తన అమల్ ఎక్కడిదాకా వెళ్లాడో ఆయనకు తెలియదు.

నాలుగు రోజులకు, జూలై 22న, ఘెట్టో ఖాళీ చేయడం మొదలైంది. అది కోర్చాక్ పుట్టినరోజు. రోజుకు వేలమందిని రైలెక్కించి ట్రెబ్లింకాకు పంపారు. యూదు మండలి అధ్యక్షుడు ఆడమ్ చెర్న్యాకుఫ్ అనాథ పిల్లలను వదిలేయమని వేడుకున్నాడు. కుదరదన్నారు. 23న ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. గోడ బయట దాక్కోవడానికి ఏర్పాటు చేస్తామని కోర్చాక్‌కు ఆయన పాత కార్యదర్శి ఇగోర్ నెవెర్లీ దొంగ కాగితాలతో సహా వచ్చి చెప్పాడు. ఆయన ఒప్పుకోలేదు. పిల్లలను వదిలి వస్తారా అని అడగడమే ఆయనకు అవమానంగా తోచిందని నెవెర్లీ తర్వాత రాశాడు.

ఆగస్టు 4న డైరీలో చివరి పేజీ రాశాడు. పొద్దున్నే కిటికీలో మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. కింద తుపాకీతో జర్మన్ కాపలావాడు నిలబడి చూస్తున్నాడు. తన బట్టతల వాడికి మంచి గురి అనుకున్నాడు కోర్చాక్. యుద్ధానికి ముందు వాడు పల్లెటూరి బడిపంతులేమో, గుమాస్తానేమో అని ఆలోచించాడు.

మరునాడో ఆ పై రోజో పిల్లలను బయటికి రమ్మన్నారు. సుమారు రెండు వందలమంది పిల్లలు, స్తెఫానియా, మిగతా సిబ్బంది, కోర్చాక్. వరసలుగా రైలు స్టేషను దాకా నడిచారు. పాటలు పాడారని, పచ్చజెండా పట్టుకున్నారని, ఒక జర్మన్ అధికారి ఆయన పుస్తకం చదివినవాడై వదిలేస్తానన్నాడని కథలున్నాయి. చూసినవాళ్ల సాక్ష్యాలు ఒకదానితో ఒకటి కలవవు. మండుటెండలో ఆకలితో ఉన్న పిల్లలు నడుచుకుంటూ పోయారన్నంతవరకు అందరూ చెప్పారు. ఆ వేసవిలో వార్సా నుంచి ట్రెబ్లింకాకు పంపినవాళ్లు రెండున్నర లక్షలకు పైనే.

డైరీని దాచిపెట్టి, గోడ దాటించి, మరియా ఫాల్‌స్కా నడుపుతున్న ఇంట్లో గోడలో పెట్టి ఇటుకలు పేర్చారు. 1958లో అచ్చయింది.

1978లో పిల్లల హక్కులకు చట్టబలం ఉన్న ఒడంబడిక కావాలని ఐక్యరాజ్యసమితిలో ముసాయిదా పెట్టిన దేశం పోలండ్. కోర్చాక్ దేశం కాబట్టే ఆ బాధ్యత తమదని ఆ దేశపు న్యాయవేత్తలు భావించారు. పదకొండేళ్ల చర్చ తర్వాత 1989 నవంబరు 20న అది ఆమోదం పొందింది. ఇష్టం లేకుండా పిల్లను తల్లిదండ్రుల నుంచి విడదీయకూడదని తొమ్మిదో అధికరణ చెబుతుంది. తన గురించి తీసుకునే నిర్ణయంలో పిల్ల మాట వినాలని పన్నెండోది. ఒంటరిగా వచ్చిన కాందిశీకుల పిల్లలకు రక్షణ ఇవ్వాలని, వాళ్ల తల్లిదండ్రుల జాడ వెతకాలని ఇరవై రెండోది. 1992లో మన దేశం దీనిలో చేరింది. కాందిశీకుల హక్కులపై 1951లో వచ్చిన ఒడంబడికలో మాత్రం ఇప్పటికీ చేరలేదు. హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లో ఉన్న రోహింగ్యా పిల్లలు మొదటి కాగితం ప్రకారం మన బాధ్యత, రెండో కాగితం మన దగ్గర లేదు. ప్రపంచంలో బాలల ఒడంబడికను ఆమోదించని దేశం ఒక్కటే మిగిలింది, అది అమెరికా.

ట్రెబ్లింకాలో ఇప్పుడు శిబిరం లేదు. నాజీలే కూల్చేసి పైన మొక్కలు నాటారు. ఆ చోట 17 వేల రాళ్లు నిలబెట్టారు. వాటిలో కొన్నింటి మీద ఊళ్ల పేర్లుంటాయి, అక్కడి నుంచి వచ్చిన జనం గుర్తుగా. మనిషి పేరున్న రాయి ఒక్కటే. యానుష్ కోర్చాక్, బ్రాకెట్‌లో హెన్రిక్ గోల్డ్‌ష్మిట్, ఆ పక్కన పిల్లలు అని ఉంటుంది. స్తెఫానియా పేరు లేదు. పిల్లల పేర్లూ లేవు.